పాఠకుల ప్రశ్నలు: సున్యాయెవ్ లెక్కలు, కాలిక్యులేటర్ పట్టుకుని

గత సంచికలో కృష్ణబిలాల (బ్లాక్ హోల్స్) మీద వచ్చిన వ్యాసంలో రషీద్ సున్యాయెవ్ అనే రష్యన్ శాస్త్రవేత్త పేరు రెండే రెండు వాక్యాల్లో వచ్చి పోయింది. ఆ రెండు వాక్యాల గురించే వరంగల్, కరీంనగర్, ఆదిలాబాద్ వైపుల నుంచి ఉత్తరాలు వచ్చాయి. ఒకే సంగతి అడిగినవాటిని కలిపేశాం. లెక్కలున్న జవాబులు చదివేటప్పుడు సైంటిఫిక్ కాలిక్యులేటర్ దగ్గర పెట్టుకుంటే మంచిది. మా మాట నమ్మి వదిలేయకుండా వేసి చూడండి.

ప్రశ్న: సున్యాయెవ్‌ది రష్యానా, ఉజ్బెకిస్తానా, జర్మనీనా? ఒక్కోచోట ఒక్కో తీరుగా రాస్తున్నారు.
– ఇంటర్ విద్యార్థిని, నర్సంపేట

మూడూ నిజమే, కాలాలే వేరు. ఆయన 1943 మార్చి 1న తాష్కెంట్‌లో ఒక తాతార్ కుటుంబంలో పుట్టారు. లాల్ బహదూర్ శాస్త్రి కన్నుమూసిన ఆ తాష్కెంటే. అప్పట్లో అది సోవియట్ యూనియన్‌లో ఉండేది, ఇప్పుడు ఉజ్బెకిస్తాన్ రాజధాని. చదువు మాస్కోలో, ఫిజికో-టెక్నికల్ ఇనిస్టిట్యూట్‌లో. అక్కడ ఉండగానే 1960ల మధ్యలో యాకొవ్ జెల్డోవిచ్ కంట్లో పడ్డారు. కణ భౌతికశాస్త్రం వైపు వెళ్దామనుకున్న కుర్రాణ్ని ఖగోళం వైపు తిప్పింది జెల్డోవిచే. 1970లలో మాస్కోలోని అంతరిక్ష పరిశోధన సంస్థకు మారి, 1982 నుంచి రెండు దశాబ్దాలు అక్కడ అధిక శక్తి ఖగోళ భౌతిక విభాగాన్ని నడిపారు. 1990ల మధ్య నుంచి 2018 దాకా జర్మనీలో, మ్యూనిక్ పక్కనున్న గార్షింగ్‌లో మాక్స్ ప్లాంక్ ఖగోళ భౌతిక సంస్థకు డైరెక్టర్లలో ఒకరు. మాస్కో పనిని మాత్రం వదల్లేదు.

జెల్డోవిచ్ గురించి కూడా ఒక మాట చెప్పాలి, ఆయన లేకుండా ఈ కథ లేదు. 1914లో మిన్‌స్క్‌లో పుట్టారు. పదిహేడేళ్లకే లెనిన్‌గ్రాడ్‌లో ల్యాబ్ అసిస్టెంట్‌గా చేరారు. డిగ్రీ పట్టా లేకుండానే 1936లో, 1939లో పరిశోధన పట్టాలు అందుకున్నారు. పేలుళ్ల భౌతికశాస్త్రంలోనూ, సోవియట్ అణ్వాయుధాల తయారీలోనూ పనిచేసి, 1960లలో ఖగోళం వైపు వచ్చారు. 1987 డిసెంబరులో చనిపోయారు.

ప్రశ్న: షకూరా–సున్యాయెవ్ డిస్కు గురించి చదివితే అంతటా ‘ఆల్ఫా’ అనే గుర్తు వస్తోంది. దాని విలువ ఎంత అని ఎవరూ తేల్చి చెప్పరు. విలువే తెలియని సిద్ధాంతాన్ని యాభై ఏళ్లుగా ఎట్ల వాడుతున్నారు?
– ఎమ్మెస్సీ విద్యార్థి, కాకతీయ యూనివర్సిటీ, హనుమకొండ

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో మంచిది ఇదే. అందుకే జవాబు కూడా పొడుగు.

ముందు ఇబ్బంది ఏమిటో చూడాలి. ఒక మామూలు నక్షత్రం, ఒక కృష్ణబిలం జంటగా తిరుగుతున్నాయి. నక్షత్రం నుంచి వచ్చే వాయువు నేరుగా బిలంలో పడదు, తిరుగుతూ వస్తుంది కాబట్టి దానికి కోణీయ ద్రవ్యవేగం, అంటే తిరుగుడు వల్ల వచ్చే ఊపు, ఉంటుంది. దాన్ని వదిలించుకుంటే తప్ప లోపలికి జారలేదు. ఇలా బిలం చుట్టూ పళ్లెంలా పరుచుకున్న వాయువే డిస్కు. అందులో పక్కపక్క వలయాలు వేర్వేరు వేగాలతో తిరుగుతాయి. వాటి మధ్య రాపిడి ఉంటే లోపలి వలయం తన కోణీయ ద్రవ్యవేగాన్ని బయటి వలయానికి అప్పగించి లోపలికి దిగుతుంది. అయితే అణువుల మధ్య ఉండే మామూలు స్నిగ్ధతతో (జిగట వల్ల వచ్చే రాపిడితో) లెక్క వేస్తే ఈ దిగడానికి కోట్ల ఏళ్లు పడుతుంది. ఆకాశంలో చూస్తే ఇలాంటి జంటలు రోజుల్లో, వారాల్లో ఎగసి ఆరిపోతున్నాయి. అంటే రాపిడికి వేరే కారణం ఏదో ఉంది. 1973లో ఆ కారణం ఎవరికీ తెలియదు.

అప్పుడు నికొలాయ్ షకూరా, సున్యాయెవ్ చేసింది ఇది. కారణం అల్లకల్లోలం కావచ్చు, అయస్కాంత క్షేత్రం కావచ్చు. ఏదైనా సరే, సుడులు డిస్కు మందం కంటే పెద్దవి కాలేవు, ధ్వని వేగాన్ని మించి తిరగలేవు. మించితే ఆఘాత తరంగాలు (షాక్ వేవ్స్) పుట్టి శక్తి వేడిగా పోతుంది. కాబట్టి స్నిగ్ధత = ఆల్ఫా × ధ్వని వేగం × డిస్కు మందం, ఆల్ఫా 1కి మించదు. తెలియనిదంతా ఒక్క అంకెలో మూటగట్టి పక్కన పెట్టారన్నమాట.

ఇక అసలు కిటుకు. ప్రవాహం నిలకడగా ఉన్నప్పుడు డిస్కు ఉపరితలం నుంచి వెలువడే వేడిలో ఆల్ఫా అసలు కనిపించదు. ఒక వ్యాసార్థం దగ్గర చదరపు మీటరుకు ఎంత శక్తి వస్తుందనేది బిలం ద్రవ్యరాశి, సెకనుకు పడే వాయువు, ఆ వ్యాసార్థం, ఈ మూడింటి మీదే ఆధారపడుతుంది. ఆల్ఫా తక్కువైతే డిస్కులో సరుకు ఎక్కువ పేరుకుంటుంది, ఎక్కువైతే పలచబడుతుంది. సెకనుకు లోపలికి దిగే మొత్తం మాత్రం అంతే. టెలిస్కోపుకు కనిపించేది ఉపరితలం కనుక, ఆల్ఫా తెలియకపోయినా ఏం కనిపించాలో చెప్పగలిగారు. 1973 పత్రం శీర్షికలోనే ‘పరిశీలనలో కనిపించే రూపం’ అని ఉంది. ఆయన పని మొత్తానికి అదే గురుతు: సమీకరణం దగ్గర ఆగరు, ఏ పరికరంలో ఎంత కనిపిస్తుందో దాకా వెళ్తారు.

వేసి చూడండి. సూర్యుడికి 10 రెట్లున్న కృష్ణబిలం తీసుకోండి. వికిరణం ఒత్తిడి వల్ల వాయువు వెనక్కి తన్నుకుపోయే హద్దును ఎడింగ్టన్ హద్దు అంటారు. ఒక్కో సూర్యద్రవ్యరాశికి అది 1.3 × 10³¹ వాట్లు. మన బిలానికి 1.3 × 10³². అందులో పదో వంతు వెలుగుతోందనుకుంటే 1.3 × 10³¹ వాట్లు. తిరగని బిలం చుట్టూ నిలకడైన చివరి కక్ష్య, బిలం వ్యాసార్థానికి మూడు రెట్లు: 29.5 × 3, అంటే దాదాపు 89 కిలోమీటర్లు. డిస్కులో అన్నిటికంటే వేడి భాగం దీనికి రెండింతల దూరంలోపే ఉంటుంది కాబట్టి 200 కిలోమీటర్లు తీసుకుందాం. పైముఖం, కిందిముఖం రెండూ వెలుగుతాయి: 2 × పై × (2 × 10⁵)² = 2.5 × 10¹¹ చదరపు మీటర్లు. శక్తిని ఈ వైశాల్యంతో, స్టీఫన్ స్థిరాంకం 5.67 × 10⁻⁸తో భాగించి నాలుగో మూలం తీయండి. 55 లక్షల కెల్విన్లు వస్తుంది. వీన్ నియమం ప్రకారం తరంగదైర్ఘ్యం 0.53 నానోమీటర్లు, అంటే ఎక్స్‌రే. 1970 డిసెంబరులో ఎగిరిన ఉహురు ఉపగ్రహం ఆకాశంలో ఎక్స్‌రే మూలాలు లెక్కపెడుతున్న సమయానికి ఈ జవాబు చేతికి వచ్చింది.

ఈ లెక్కలో విద్యార్థులు సాధారణంగా జారేచోట్లు మూడు. పాత పత్రాల్లో శక్తి ఎర్గుల్లో ఉంటుంది, దాన్ని 10⁷తో భాగించకుండా వాట్ల సూత్రంలో పెడితే ఉష్ణోగ్రత 56 రెట్లు ఎక్కువ వస్తుంది. వైశాల్యానికి ఒక ముఖమే తీసుకుంటే 19 శాతం తేడా. మూడోది అంకెల తప్పు కాదు, అర్థంలో తప్పు: డిస్కు పైపొరలో ఎలక్ట్రాన్లు కాంతిని చెదరగొట్టడం వల్ల పరికరం చూసే రంగు ఉష్ణోగ్రత ఇంతకు సుమారు 1.7 రెట్లు ఉంటుంది. కొలిచిన ఉష్ణోగ్రతను సరిచేయకుండా సూత్రంలో పెడితే డిస్కు ఉన్నదానికంటే చిన్నదిగా తేలుతుంది.

ద్రవ్యరాశిని పెంచి చూస్తే ఇంకో సంగతి బయటపడుతుంది. ఎడింగ్టన్ వాటా మార్చకుండా ఉంచితే, ద్రవ్యరాశి నాలుగో మూలం చొప్పున ఉష్ణోగ్రత తగ్గుతుంది. 100 కోట్ల సూర్యద్రవ్యరాశుల బిలానికి 100 రెట్లు తగ్గి 55 వేల కెల్విన్లు. క్వేజార్లు, అంటే ఇలాంటి భారీ బిలాలున్న దూరపు గెలాక్సీల నడిబొడ్లు, అతినీలలోహితంలో వెలిగిపోవడానికి కారణం ఇదే.

మరి ఆల్ఫా వెనుక ఉన్నదేమిటి? 1991లో బాల్బస్, హాలీ అనే శాస్త్రవేత్తలు చూపించారు: బలహీనమైన అయస్కాంత క్షేత్రం ఉన్నా చాలు, తిరిగే డిస్కులో అస్థిరత పుట్టి అల్లకల్లోలం మొదలవుతుంది. ఆ అస్థిరత గణితాన్ని 1959లో వెలిఖోవ్, 1960లో మన చంద్రశేఖర్ రాసిపెట్టారు. ముప్ఫై ఏళ్లు దాన్ని డిస్కులకు ఎవరూ అతికించలేదు. మరుగుజ్జు నోవాల (ఇలాంటి డిస్కు ఉండి, ఉన్నట్టుండి వెలిగి ఆరే జంట నక్షత్రాల) ఎగసిపాట్లను బట్టి ఆల్ఫా 0.1 నుంచి 0.4 మధ్య తేలుతోంది. కంప్యూటర్ నమూనాల్లో చాలాసార్లు అంతకంటే చిన్నది వస్తుంది. ఆ గొడవ ఇంకా నడుస్తూనే ఉంది.

ప్రశ్న: థర్మల్ కేంద్రంలో పనిచేస్తాను. ఇంధనాన్ని కృష్ణబిలం వాడుకున్నంత బాగా ఏదీ వాడదని రాశారు. మా భాషలో చెప్పండి.
– పాఠకుడు, రామగుండం

మీ ఎన్టీపీసీ 2,600 మెగావాట్ల కేంద్రంతోనే వేద్దాం. కిలో పదార్థంలో దాగిన శక్తి 9 × 10¹⁶ జౌళ్లు. తిరగని కృష్ణబిలంలోకి దిగేటప్పుడు అందులో 5.7 శాతం వెలుగుగా బయటపడుతుంది: 5.1 × 10¹⁵ జౌళ్లు. మీ కేంద్రం నూరు శాతం లోడు మీద రోజుకు ఇచ్చేది 2.25 × 10¹⁴ జౌళ్లు. భాగిస్తే దాదాపు 23 రోజులు. కిలో సరుకుకు 23 రోజుల కరెంటు! కిలోకు 3,600 కిలోకేలరీల బొగ్గు, 36 శాతం సామర్థ్యం అనుకుంటే అదే కరెంటుకు సుమారు తొమ్మిదిన్నర లక్షల టన్నుల బొగ్గు పోస్తారు.

సూర్యుడిలో జరిగే సంలీనంలో హైడ్రోజన్ ద్రవ్యరాశిలో 0.7 శాతమే శక్తిగా మారుతుంది. గరిష్ఠ వేగంతో తిరిగే కృష్ణబిలానికి సిద్ధాంతపు హద్దు 42 శాతం. బిలం మింగే కాంతి కూడా దాని తిరుగుడును అడ్డుకుంటుంది కనుక ఆచరణలో 30 శాతం చుట్టూ ఆగుతుందని 1974లో కిప్ థోర్న్ చూపించారు. ఒక తేడా మాత్రం గుర్తుంచుకోండి: ఇక్కడ మండేదేమీ లేదు. పడటం వల్ల వచ్చే వేగమే రాపిడిలో వేడిగా మారుతుంది.

ప్రశ్న: వేడి వాయువు గుండా వచ్చిన కాంతికి శక్తి పెరగాలి కదా, సున్యాయెవ్–జెల్డోవిచ్ ప్రభావంలో గెలాక్సీ గుచ్ఛాలు నల్లటి నీడల్లా కనిపిస్తాయంటారేం? పిల్లలకు చెప్పబోయి నేనే చిక్కుకున్నా.
– ఫిజిక్స్ లెక్చరర్, జగిత్యాల

మీరన్నది నిజమే, శక్తి పెరుగుతుంది. నీడ కూడా నిజమే. ఏ పౌనఃపున్యంలో చూస్తున్నామన్న దాంట్లో ఉంది మెలిక.

విశ్వమంతా 2.725 కెల్విన్ల సూక్ష్మతరంగ వికిరణం నిండి ఉంది, ఘన సెంటీమీటరుకు 411 ఫోటాన్లు. పెద్ద గెలాక్సీ గుచ్ఛాల మధ్య కోటి నుంచి పది కోట్ల కెల్విన్ల వాయువు ఉంటుంది. అందులోని ఎలక్ట్రాన్‌ను ఢీకొన్న ఫోటాన్ కాస్త శక్తి తీసుకుని బయటపడుతుంది. ఫోటాన్ల సంఖ్య మాత్రం మారదు. హనుమకొండ బస్టాండులో పల్లెవెలుగు కోసం నిలబడ్డవాళ్లలో కొందరు ఎక్స్‌ప్రెస్ వరుసలోకి మారితే పల్లెవెలుగు వరుస పలచబడుతుంది, ఎక్స్‌ప్రెస్ వరుస పెరుగుతుంది, బస్టాండులో జనం అంతే ఉంటారు. అలాగే తక్కువ పౌనఃపున్యం నుంచి ఫోటాన్లు పైకి జరిగిపోతాయి. 217 గిగాహెర్ట్జ్ కింద చూస్తే గుచ్ఛం నేపథ్యం కంటే మసకగా, పైన చూస్తే ప్రకాశంగా ఉంటుంది. సరిగ్గా 217 దగ్గర ఏమీ కనిపించదు.

ఎంత మసక? బోర్డు మీద వేయించండి. వాయువు ఉష్ణోగ్రతను శక్తిగా రాస్తే 5.11 కిలో ఎలక్ట్రాన్‌వోల్టులు అనుకుందాం (ఇకపై కేఈవీ). ఎలక్ట్రాన్ విరామశక్తి 511 కేఈవీ. నిష్పత్తి 0.01. ఫోటాన్ దారిలో ఢీకొనే అవకాశం కూడా దాదాపు నూటికి ఒకటి, 0.01. రెండింటి లబ్ధం 10⁻⁴, దీన్నే ‘వై’ అంటారు. తక్కువ పౌనఃపున్యంలో ఉష్ణోగ్రత మార్పు: మైనస్ 2 × వై × 2.725, అంటే 0.00055 కెల్విన్ల తగ్గుదల. కెల్విన్‌లో వెయ్యో వంతులో సగం. ఒక్కో ఢీకి శక్తి సగటున 4 శాతం పెరుగుతుంది, కానీ వందలో ఒక ఫోటానే ఢీకొంటుంది.

దీన్ని 1970, 1972లలో రాశారు. ఆ దశాబ్దంలో ‘కనిపెట్టాం’ అంటూ వచ్చిన కొన్ని కొలతలు ఒకదానితో ఒకటి పొసగలేదు. ఎందుకంటే గుచ్ఛం లోపలే రేడియో గెలాక్సీలు ఉంటే అవి వెలిగి ఆ గుంటను పూడ్చేస్తాయి. పైన మన వాతావరణంలోని నీటి ఆవిరి కూడా ఇదే పౌనఃపున్యాల్లో మెరుస్తుంది, అదీ క్షణక్షణం మారుతూ. నేపథ్య వికిరణంలో సహజంగా ఉన్న హెచ్చుతగ్గులే పదివేలో వంతు కెల్విన్ దాకా ఉంటాయి. నమ్మదగ్గ కొలత 1984లో కాలిఫోర్నియాలోని ఓవెన్స్ వ్యాలీ 40 మీటర్ల డిష్‌తో వచ్చింది. ఆ తర్వాత టెలిస్కోపులను గాలి పొడిగా ఉండేచోట్లకు, దక్షిణ ధ్రువానికి, చిలీలోని అటకామా ఎడారిలో ఐదు వేల మీటర్ల ఎత్తుకు తీసుకెళ్లారు. అనేక పౌనఃపున్యాల్లో ఒకేసారి కొలిచి, 217కి అటూ ఇటూ గుర్తు మారుతోందా లేదా చూస్తారు. రేడియో గెలాక్సీ అలా గుర్తు మార్చదు. ప్లాంక్ ఉపగ్రహం రెండో పట్టికలో ఈ పద్ధతిన దొరికినవి 1,653.

ఇంత కష్టపడటానికి తగ్గ లాభం ఉంది. దూరం పెరిగేకొద్దీ అన్నీ మసకబారుతాయి, ఈ నీడ మసకబారదు. గుచ్ఛం ఎంత దూరాన ఉంటే అంత పాతకాలంలో చూస్తున్నాం. అప్పటి నేపథ్య వికిరణం అంత వేడిగా ఉండేది, ఆ పెరుగుదల దూరం వల్ల వచ్చే తరుగుదలను సరిగ్గా కొట్టేస్తుంది. పరీక్షలో ‘ఎరుపు జరుగుడు మీద ఆధారపడదు’ అని ఒక ముక్కలో రాస్తే మార్కులు పడతాయి గానీ, ఎందుకో చెప్పకపోతే పిల్లలకు అది మంత్రంలా మిగిలిపోతుంది.

గుచ్ఛం మొత్తంగా కదులుతుంటే ఇంకో చిన్న మార్పు ఉంటుంది. సెకనుకు 300 కిలోమీటర్లయితే కాంతి వేగంలో వెయ్యో వంతు, దాన్ని 0.01తో గుణిస్తే 10⁻⁵. అంటే 27 మైక్రోకెల్విన్లు. మొదటిదానికి ఇరవయ్యో వంతు కనుక పట్టుకోవడం అంత కష్టం.

ప్రశ్న: హైడ్రోజన్ ఎలక్ట్రాన్‌ను ఊడదీయడానికి 13.6 ఎలక్ట్రాన్‌వోల్టులు కావాలి, అది 1,58,000 కెల్విన్లకు సమానం. మరి విశ్వం 3,000 కెల్విన్లకు చల్లారే దాకా హైడ్రోజన్ ఎందుకు ఏర్పడలేదు?
– బీటెక్ విద్యార్థి, కాజీపేట

ఒక్కో పరమాణువుకు 100 కోట్లకు పైగా ఫోటాన్లు ఉన్నాయి కాబట్టి. సగటు ఫోటాన్ బలహీనపడినా, అంత మందలో బలమైనవి కొన్ని ఉండనే ఉంటాయి. పరమాణువును విడగొట్టడానికి అవి చాలు.

దీని తర్వాతి మెట్టులో సున్యాయెవ్ ఉన్నారు. ఎలక్ట్రాన్ అడుగు మట్టానికి దిగినప్పుడు వెలువడే లైమన్ ఆల్ఫా ఫోటాన్‌ను పక్కనున్న పరమాణువు వెంటనే మింగి ఉత్తేజితమవుతుంది. ఒకటి స్థిరపడితే ఇంకొకటి చెదురుతుంది, లెక్క ముందుకు కదలదు. 1968లో జెల్డోవిచ్, కుర్ట్, సున్యాయెవ్ మాస్కోలోనూ, పీబుల్స్ ప్రిన్స్‌టన్‌లోనూ ఎవరికి వారు దొడ్డిదారి పట్టుకున్నారు: రెండో మట్టంలోని ఒక స్థితి నుంచి ఎలక్ట్రాన్ ఒకేసారి రెండు ఫోటాన్లు విడిచి దిగగలదు. సెకనుకు 8.2 చొప్పున జరిగే నత్తనడక ప్రక్రియ అది. అయినా ఆ రెండు ఫోటాన్లలో దేనికీ పక్క పరమాణువును కదిపే శక్తి లేదు. విశ్వంలోని హైడ్రోజన్‌లో సగానికి పైగా ఈ దారినే ఏర్పడింది.

ఆ చల్లారే ఘట్టం మహావిస్ఫోటం తర్వాత దాదాపు 3,80,000 ఏళ్లకు వచ్చింది. అప్పటిదాకా వేడి ద్రవంలో పరుగెత్తిన ధ్వని తరంగాలు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. వాటి గుర్తులు నేపథ్య వికిరణంలో మిగిలి ఉండాలని 1970లో సున్యాయెవ్, జెల్డోవిచ్ ఒకవైపు, పీబుల్స్, యూ మరోవైపు రాశారు. 2000లో బెలూన్ ప్రయోగాలు ఆ మచ్చలను కొలిచాయి, ఒక డిగ్రీ ప్రాంతంలో, అంటే నిండు చందమామకు రెండింతల వెడల్పు. 2005లో గెలాక్సీల అమరికలోనూ అదే కొలత దొరికింది, ఇప్పటి లెక్కలో 49 కోట్ల కాంతి సంవత్సరాలు.

ప్రశ్న: సిద్ధాంతకర్తలకు రాకెట్లతో పనేముంది? సున్యాయెవ్ పేరు ఉపగ్రహాల పక్కన ఎందుకు ఉంటుంది?
– డిగ్రీ విద్యార్థి, మంచిర్యాల

తాను రాసిన అంకెను కొలిచే పరికరం లేకపోతే దాన్ని తెచ్చుకునే దాకా ఊరుకోలేదు కాబట్టి.

1987 ఫిబ్రవరి 23న పక్క గెలాక్సీలో సూపర్‌నోవా కనిపించింది. మార్చి 31న మీర్ అంతరిక్ష కేంద్రానికి ‘క్వాంట్’ అనే ఎక్స్‌రే మాడ్యూల్ పంపారు. మొదటిసారి అతుక్కోలేదు. రెండోసారి అతుక్కుంది గానీ బిగుసుకోలేదు. రొమానెంకో, లవేకిన్ బయటికి వెళ్లి చూస్తే మధ్యలో చెత్తసంచి ఇరుక్కుని ఉంది. దాన్ని లాగేశాకే బిగిసింది. ఆగస్టులో క్వాంట్ ఆ సూపర్‌నోవా నుంచి బలమైన ఎక్స్‌రేలు పట్టుకుంది. పేలుడులో పుట్టిన నికెల్-56 ఆరు రోజుల అర్ధాయువుతో కోబాల్ట్-56గా మారుతుంది, అది 77 రోజుల అర్ధాయువుతో ఇనుముగా మారుతూ 847 కేఈవీ గామా కిరణాలు విడుస్తుంది. ఆ కిరణాలు బయటికొచ్చే దారిలో ఎలక్ట్రాన్లను ఢీకొంటూ శక్తి పోగొట్టుకుని ఎక్స్‌రేలవుతాయి. ఇంతకుముందు చెప్పిన సున్యాయెవ్–జెల్డోవిచ్ ప్రభావానికి ఇది తలకిందులు: అక్కడ ఎలక్ట్రాన్ ఇస్తుంది, ఇక్కడ తీసుకుంటుంది. ఈ ఎక్స్‌రేలు అనుకున్నదానికంటే ముందే వచ్చాయి. అంటే కోబాల్ట్ నడిమధ్యలో ముద్దగా ఉండిపోలేదు, పేలుడులో బయటి పొరల దాకా కలిసిపోయింది.

ఈ క్వాంట్, 1989 డిసెంబరులో గ్రనాట్, 2002లో యూరప్ వారి ఇంటెగ్రల్, 2019 జులై 13న బైకొనూర్ నుంచి ఎగిరిన స్పెక్టర్-ఆర్‌జీ, వీటన్నిటితోనూ ఆయనకు సంబంధం ఉంది. చివరిదానికి శాస్త్రీయ సారథి ఆయనే. భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరాన, సూర్యుడి, భూమి ఆకర్షణలు సరితూగే ఎల్2 అనే చోటు దగ్గర తిరిగే ఆ ఉపగ్రహంలో రెండు టెలిస్కోపులు: జర్మన్ ఇరోసిటా, రష్యన్ ఏఆర్‌టీ-ఎక్స్‌సీ. రెండోదాని తయారీలో సరోవ్ పట్టణం పాలుపంచుకుంది. జెల్డోవిచ్ ఒకప్పుడు బాంబుల లెక్కలు వేసిన, బయటివాళ్లను రానివ్వని ఊరు అదే. దాని అద్దాలు మాత్రం నాసావి. యుక్రెయిన్ యుద్ధం మొదలైన రెండు రోజులకు, 2022 ఫిబ్రవరి 26న, జర్మన్లు ఇరోసిటాను నిద్రావస్థలో పెట్టారు. టెలిస్కోపు చెడిపోయి కాదు.

ప్రశ్న: వీటిలో మా ఊరి నుంచి కంటికి కనిపించేది ఏదైనా ఉందా? బైనాక్యులర్ ఉంది.
– ఉపాధ్యాయుడు, తాడ్వాయి

డిస్కు కనిపించదు, దానికి సరుకు పోస్తున్న నక్షత్రం కనిపిస్తుంది. పేరు హెచ్‌డీఈ 226868, ప్రకాశం 8.9 (ఈ కొలతలో అంకె పెరిగేకొద్దీ మసక), దూరం దాదాపు 7,200 కాంతి సంవత్సరాలు. సిగ్నస్ ఎక్స్-1 అనే కృష్ణబిలం చుట్టూ 5.6 రోజులకోసారి తిరుగుతుంది. బిలం సూర్యుడికి 21 రెట్లని 2021లో తేల్చారు.

అక్టోబరు మొదటివారంలో రాత్రి ఏడున్నర మంచి సమయం, నెలాఖరుకైతే చీకటి పడగానే చూడాలి. ఉత్తరానికి తిరిగి నిలబడి తల బాగా పైకెత్తండి, 73 డిగ్రీల ఎత్తున ఉంటుంది. హంస మండలంలో రొమ్ము దగ్గరి సాదర్ నుంచి ముక్కు దగ్గరి ఆల్బిరియో దాకా గీత గీస్తే, దాని నడుమ కంటికి ఆనే చుక్క ఈటా సిగ్ని. దాన్ని బైనాక్యులర్ మధ్యలోకి తెచ్చుకోండి. అక్కడి నుంచి కుడివైపు, కాస్త కిందికి, చందమామ వెడల్పు కంటే కాస్త తక్కువ దూరంలో మన నక్షత్రం ఉంటుంది. దక్షిణానికి తిరిగి వెనక్కి వాలి చూస్తే కుడి ఎడమలు తారుమారవుతాయి. ఎక్కువమంది తప్పు చుక్కను చూసేది ఇక్కడే. 10×50 బైనాక్యులర్‌ను స్టాండుకు బిగించాలి, చేతిలో వణికితే 8.9 ప్రకాశం నిలవదు. మీ అడవి వైపు చీకట్లో తేలిగ్గా దొరుకుతుంది. హనుమకొండ దీపాల మధ్యనైతే ఆశ వదులుకోవాల్సిందే. వెన్నెల రోజులూ వద్దు. స్టెల్లేరియం అనే ఆకాశపటం సాఫ్ట్‌వేర్‌లో నంబరు కొట్టి, ముందురోజే చుట్టుపక్కల చుక్కల బొమ్మ గీసుకుంటే మేలు.

ప్రశ్న: మా పిలగాడు ఎంపీసీ చదువుతుండు, ఖగోళమే చదువుతా అంటుండు. డిగ్రీ లేకుండ గొప్పోడైనోళ్లు ఉన్నరని కూడా చెప్తుండు. దారేంది సార్?
– ఒక తండ్రి, కరీంనగర్

జెల్డోవిచ్ పేరు చెప్పి తప్పించుకోనివ్వకండి! ఆయనకు పట్టా లేదు గానీ పనిచేసే ల్యాబు, దిద్దే గురువులు పదిహేడేళ్లకే దొరికారు.

ఇంటర్ తర్వాత ఐసర్‌ల (కేంద్ర సైన్సు విద్యాసంస్థలు) సొంత ప్రవేశ పరీక్ష, అలాంటిదే అయిన నైసర్ కోసం నెస్ట్ పరీక్ష రాయించండి. అవి రాకపోయినా కొంప మునగదు: ఇక్కడే బీఎస్సీలో గణితం, భౌతికశాస్త్రం తీసుకుని ఐఐటీల జామ్ పరీక్ష రాసి ఎమ్మెస్సీకి వెళ్లొచ్చు. పీహెచ్‌డీకి జెస్ట్, నెట్ పరీక్షలు, టీఐఎఫ్ఆర్ (టాటా పరిశోధన సంస్థ) పరీక్ష, పుణెలోని ఖగోళ సంస్థ ఐయూకాకు దాని సొంత పరీక్ష ఉన్నాయి. బీటెక్ వాళ్లకూ చాలా చోట్ల తలుపు తెరిచే ఉంటుంది. మొదటి రెండేళ్లలో కలనగణితం, అవకలన సమీకరణాలు, ఉష్ణగతిశాస్త్రం గట్టిపడాలి, పక్కనే పైథాన్. చాలామంది మొదటే సాధారణ సాపేక్షత మీద పడి అలసిపోతారు. పైన వేసిన లెక్కల్లో చాలావాటికి ఉష్ణగతిశాస్త్రం, న్యూటన్ యాంత్రికశాస్త్రమే సరిపోయాయని బాబుకు చూపించండి.

ప్రశ్న: సున్యాయెవ్‌కు నోబెల్ వచ్చిందా?
– పాఠకురాలు, హుజురాబాద్

రాలేదు. 2008లో క్రాఫోర్డ్, 2011లో క్యోటో, 2019లో ముఖనోవ్, స్తరబిన్‌స్కీలతో కలిసి డిరాక్ పతకం వచ్చాయి.

ప్రశ్న: ఈ లెక్కలను అసలు డేటా మీద వేసి చూడాలంటే మాలాంటివాళ్లకు దొరుకుతుందా?
– ఎన్‌ఐటీ విద్యార్థుల బృందం, వరంగల్

దొరుకుతుంది, ఉచితంగానే. ఇరోసిటా ఆకాశంలో జర్మనీ వాటా సగం, మొదటి విడత, 2024 జనవరి 31న విడుదలైంది. కానీ మొదలుపెట్టడానికి జపాన్ వాళ్ల మాక్సీ అనే ఎక్స్‌రే పరికరం డేటా తేలిక. 2009 నుంచి అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం మీద ఉండి ఆకాశమంతా చూస్తోంది. సిగ్నస్ ఎక్స్-1 రోజువారీ లెక్క 2–4, 4–10, 10–20 కేఈవీ మూడు పట్టీల్లో మామూలు టెక్స్ట్ ఫైలుగా ఉంటుంది.

10–20 పట్టీని 2–4 పట్టీతో భాగించి కాలం వెంట గీయండి. నిష్పత్తి పడిపోయిన రోజుల్లో మెత్తటి స్థితి, అంటే షకూరా–సున్యాయెవ్ డిస్కు నేరుగా కనిపిస్తోంది. నిష్పత్తి పెరిగిన రోజుల్లో డిస్కు కాంతిని పైనున్న 100 కేఈవీ స్థాయి వేడి ఎలక్ట్రాన్లు ఎగదోస్తున్నాయి. ఆ వర్ణపటం ఆకారాన్ని 1980లో సున్యాయెవ్, తితార్చుక్ రాశారు. రోజువారీ అంకెల్లో దోషం ఎక్కువైన వరుసలను ముందే తీసేయండి, లేకపోతే హారం సున్నాకు దగ్గరపడి నిష్పత్తి ఊరికే ఆకాశానికి ఎగురుతుంది. ఐదు రోజుల సగటు తీసుకున్నా సరిపోతుంది, అయితే 5.6 రోజుల కక్ష్య వల్ల వచ్చే చిన్న హెచ్చుతగ్గులు అందులో కలిసి మాయమవుతాయి.